బరికెలు తిరిగిచ్చిన మాస్టారు

ఆమోసు మాస్టారు చెయ్యెత్తితే ఏలూరు కాలవలో ఈదే బాతులు బుడుంగున మునిగిపోయేవని జంటతూములు ఊళ్ళో చెప్పుకునేవారు. ఆయన కొట్టిన ఓ లెంపకాయ చప్పుడుకి గన్నవరంలో దిగబోతున్న విమానం బెదిరి ఇంకో చుట్టు తిరిగొచ్చిందని బడి అటెండరు లాజరు బైబిలు మీద ఒట్టేసి మరీ చెప్పేవాడు. విమానం సంగతి నమ్మినా నమ్మకపోయినా, తొమ్మిదో తరగతి గదిలో గోడకి పెచ్చు ఊడిన చోటు మాత్రం ఊరంతా చూసిందే. కుర్రాడెవడో వంగి తప్పించుకుంటే, వాడికి పడాల్సింది గోడకి పడింది.

ఆయనకి కుడిచేత్తో బరికె, ఎడంచేత్తో లెంపకాయ. రెండింట్లో ఎడంచెయ్యే మొనగాడు. బొటనవేలు లోపలికి మడిచి, నడుం కొంచెం తిప్పి, కింద నుంచి పైకి లాగి కొట్టేవాడు. "కుడిచెయ్యి గవర్నమెంటుదిరా, ఎడంచెయ్యి నా సొంతం" అనేవాడు పిల్లలతో.

పుట్టింది గుణదల కొండ కింద. తండ్రి రైల్వేలో బొగ్గు ఎత్తేవాడు. పిల్లాణ్ణి చిన్నప్పుడే బోర్డింగు బడిలో పడేశాడు. అక్కడ వార్డెను తోలు బెల్టుతో పాఠం అప్పజెప్పించుకునేవాడు. "వర్గమూలాలు నాకు వీపు మీద వచ్చాయి, త్రికోణమితి పిర్రల మీద వచ్చింది" అని ఆమోసు గొప్పగా చెప్పుకునేవాడు. అలా వచ్చిన లెక్కలతోనే ఉద్యోగం సంపాదించాడు. కనక లెక్కలు రావాలంటే దారి అదొక్కటే అని ఆయన నమ్మకం. అందులో కుళ్ళు లేదు, కక్ష లేదు. ఇష్టమైన పిల్లల్ని ఇంకో రెండు ఎక్కువే కొట్టేవాడు.

జంటతూములు ఊరికి ఆయన తగ్గవాడే దొరికాడు. ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. జూన్‌లో బడి తెరిచిన రోజు తండ్రి తన చేత్తో ఒక బరికె కోసి, చెక్కి, ఆముదం రాసి, పిల్లాడితో పాటు తీసుకొచ్చి మాస్టారి చేతిలో పెడతాడు. కొందరు చింత బరికె తెస్తారు, కొందరు కానుగ తెస్తారు. ఎవరిది వాళ్ళకి తెలిసేలా మొదలు దగ్గర ఓ గుడ్డపీలిక చుడతారు. ఇస్తూ ఒకటే మాట అంటారు: "కళ్ళు రెండూ వదిలెయ్యండి మాస్టారూ, మిగతా ఒళ్ళంతా మీదే." ఆ బరికెలన్నీ ఆమోసు గదిలో మూలనున్న సిమెంటు గోలెంలో పొయ్యిలోకి తెచ్చిన కట్టెపుల్లల్లా నిండి ఉండేవి.

ఊరు రెండు పేటలు. కాలవ మీద ఎగువ తూము ఎగువ పేటది, దిగువ తూము దిగువ పేటది. నీళ్ళ వంతు దగ్గర రెండు పేటలకీ తాతల నాటి పగ. పెద్దవాళ్ళు వేసంగిలో పారలతో కొట్టుకునేవారు. పిల్లలకి వేసంగి దాకా ఆగే ఓపిక లేదు. రోజూ మధ్యాహ్నం బెల్లు కొట్టగానే మొదలెట్టేవారు. బెల్టు బకిల్సు, పలకల చట్రాలు, సైకిలు చైన్లు. కిందటేడు ఒకడి రెప్పకి కంపాసు ములుకు దిగింది. వెంట్రుకవాసిలో కన్ను దక్కింది. ఇంకొకణ్ణి కాలవ గట్టు మీంచి తోసేస్తే మోచెయ్యి వెనక్కి తిరిగిపోయింది.

"ఈ ఏడు ఎవడో ఒకడు చస్తాడండీ ఆమోసు గారూ" అన్నాడు హెడ్మాస్టరు వెంకటప్పయ్య. "శవాన్ని ఏ పేటకి పంపినా రెండో పేట తగలబడుతుంది."

ఆ మాట ఆమోసు గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. తన చేతి కింద ఒక పిల్లాడు చచ్చిపోవడం! ఆ రోజు ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ కొట్టాడు.

తొంభై ఎనిమిదిలో జిల్లా శిక్షణకి ఒక మాస్టార్ని పంపమని కబురొచ్చింది. ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నం భోజనం బావుంటుందని విని ఆమోసు వెళ్ళాడు. అక్కడ పాఠం చెప్పే లెక్చరరు సన్నగా పుల్లలా ఉన్నాడు. చేతిలో సుద్దముక్క తప్ప మరో ఆయుధం లేదు.

"యాక్షన్ రీసెర్చ్ అంటే భయపడకండి" అన్నాడాయన. "మీ బడిలోనే మిమ్మల్ని నిద్రపోనివ్వని సమస్య ఒకటి తీసుకోండి. దానికి ఏదో ఒకటి చెయ్యండి. ఏం జరుగుతుందో చూడండి. ఎందుకలా జరిగిందో ఆలోచించండి. ఆలోచించాక మళ్ళీ చెయ్యండి. అంతే."

ఆమోసు లేచి నిలబడ్డాడు. "అది మేం ఎప్పట్నుంచో చేస్తున్నదేగా సార్. కొడతాం, చూస్తాం, మళ్ళీ కొడతాం."

గదంతా గొల్లుమంది. లెక్చరరు కూడా నవ్వాడు. "మధ్యలో ఆలోచించడం ఒకటి తప్పిపోయింది మాస్టారూ. పైగా మనల్ని మనం చూసుకోలేం. మీ క్లాసులో వెనక బెంచీ మీద తోటి టీచర్ని ఒకర్ని కూర్చోబెట్టుకోండి. వాళ్ళేం చూశారో చెప్పనివ్వండి. మధ్యలో మాత్రం అడ్డుపడకండి."

ఆమోసు ఎంచుకున్న సమస్య పేటల కొట్లాట. ఎంచుకున్న మందు కూడా ఆయన తరహాలోనే ఉంది. కొట్టేవాళ్ళని రెట్టింపు కొట్టడం. వెనక బెంచీకి మెహరాజ్ టీచర్ ఒప్పుకుంది. ఆవిడ పటమట నుంచి బస్సులో వచ్చి సైన్సు చెప్పేది. మనిషి ఆమోసు మోచేతి దాకా ఉంటుంది. గొంతు మాత్రం కాలవ అవతలి గట్టుకి వినబడుతుంది.

వారం తిరిగేసరికి కొట్లాటలు తగ్గకపోగా ముదిరాయి. ఆమోసు పళ్ళు నూరుకుంటూ, "మందు చాలలేదండీ టీచర్ గారూ" అన్నాడు.

"మాస్టారూ, మీరు పొద్దున కొట్టిన దెబ్బ సాయంత్రానికి ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా చూశారా?"

"దెబ్బకి కాళ్ళుంటాయా ఏంటండీ?"

"ఉన్నాయి. రేపు విజిలు జేబులో పెట్టుకుని నాతో పాటు వరండాలో నిలబడండి. ఏం జరిగినా ఊరికే చూడండి."

మర్నాడు మొదటి పీరియడులో ఎగువ పేట పెద్ద హనుమయ్య కొడుకు నాంచారయ్య లెక్క తప్పు చేశాడు. ఆమోసు ఎడంచెయ్యి లేచింది. కుర్రాడు బెంచీ మీంచి అవతలికి దొర్లాడు. చెవి మీద అయిదు వేళ్ళూ దిద్దినట్టు తేలాయి.

ఇంటర్వెల్లులో మెహరాజ్ వేలు పెట్టి చూపించింది. నాంచారయ్య తిన్నగా బోరింగు పంపు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ దిగువ పేట కరిముల్లా వంగి దోసిలితో నీళ్ళు తాగుతున్నాడు. నాంచారయ్య వాడి మెడ పట్టుకుని మూతిని పంపు గొట్టానికేసి కొట్టాడు. నీళ్ళు ఎర్రగా పారాయి. కరిముల్లా ముందుపన్ను సగం అరిచేతిలోకి ఊడిపడింది.

ఆమోసు ఉరకబోతే మెహరాజ్ చొక్కా పట్టుకు లాగింది. "ఆగండి. అది ఇంకా నడుస్తోంది."

నాంచారయ్య మీదికి వెళ్ళే బలం కరిముల్లాకి లేదు. మధ్యాహ్నం దాకా పన్ను పిడికిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. బెల్లు కాగానే ఎగువ పేట ఏడో తరగతి పిల్లాణ్ణొకణ్ణి దొడ్డి గోడ వెనక్కి ఈడ్చాడు. ఆమోసు, మెహరాజ్ వెనకే వెళ్ళి గోడ పక్క నుంచి చూశారు. కరిముల్లా బొటనవేలు లోపలికి మడిచాడు. నడుం కొంచెం తిప్పాడు. కింద నుంచి పైకి లాగి ఎడంచేత్తో కొట్టాడు. అచ్చం తన దెబ్బే. పన్నెండేళ్ళవాడి చెంప మీద తన సొంత చెయ్యి పడడం ఆయన కళ్ళారా చూశాడు.

ఆ పిల్లాడు చెవి పట్టుకుని, తూలుకుంటూ, ఏడుపు మింగుకుంటూ వచ్చాడు. దారిలో ఇటుక ముక్క దొరికింది. వరండా కింద దిగువ పేట ఆడపిల్లలు కారియర్లు విప్పుకుని అన్నం తింటున్నారు. వాడు ఎవర్నీ ప్రత్యేకంగా గురిచూడలేదు. ఇటుక వెళ్ళి ఆరో తరగతి గుల్షన్ కనుబొమ మీద తగిలింది. ఆ పిల్ల ముందుకి పడింది. పెరుగన్నం ఎర్రబడిపోయింది.

ఈసారి మెహరాజ్ ఆపలేదు. ఆవిడ కూడా పరిగెత్తింది. ఆమోసు రాజ్‌దూత్ బండి మీద గుల్షన్‌ని మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక మెహరాజ్ ఆ పిల్ల నుదురు తన కొంగుతో అదిమి పట్టుకుంటే, గన్నవరం ఆసుపత్రికి బండి దూకించాడు. ఆయన చొక్కా వీపు మీద వెచ్చగా తడుస్తోంది. గుల్షన్ దిగువ పేట పెద్దమనిషి బడే మియా మనవరాలు. బడే మియాకి బాతుల మంద ఉంది, పేటంతా ఆయన మాట వింటుంది. ఈ పిల్లకి ఏమన్నా అయితే హెడ్మాస్టరు చెప్పిన శవం ఇదే. ఆమోసు ఆ సంగతే ఆలోచిస్తున్నాడు.

కేసరపల్లి దాటాక వీపు వెనక నుంచి సన్నగా వినబడింది: "సార్, నేను ఏడవట్లేదు సార్. కొట్టకండి సార్."

ఆయన బండి ఆపలేదు గానీ, అక్కడ నుంచి ఆసుపత్రి దాకా రోడ్డు ఆయనకి సరిగా కనబడలేదు.

డాక్టరు కుట్లు వేస్తుంటే ఇద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. మెహరాజ్ కొంగు ఎండి అట్టకట్టింది.

"వాళ్ళు కొట్టుకుంటున్నారు కనకే కొడుతున్నానని మీరు అనుకున్నారు" అంది ఆవిడ. "నాకు కనబడింది తిరగేసి ఉంది మాస్టారూ. మీరు లెక్కల పీరియడులో పంచిపెట్టింది వాళ్ళు సాయంత్రం దాకా ఒకళ్ళకొకళ్ళు అందించుకుంటున్నారు. పేటల పగ వాళ్ళకి ఇంట్లోనే ఉంది, కాదనను. కానీ అది ఎలా తీర్చుకోవాలో నేర్పుతోంది మన బడే."

"మన బడి అంటారేంటండీ? మీరు కొట్టరుగా."

"ఆరేళ్ళుగా పక్క గదిలో కూర్చుని వింటున్నాను. అదేం తక్కువా?"

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చొక్కా తడుపుతుంటే భార్య అమలమ్మ రక్తం చూసి గుండెలు బాదుకుంది. సంగతి విన్నాక అంది: "ఏవండీ, నేను ఏటా తిరనాళ్ళకి గుణదల కొండెక్కి మేరీమాతకి ఏం మొక్కుతున్నానో తెలుసా? మీ చెయ్యి కిందకి దిగాలని."

"అయితే ఇన్నేళ్ళూ మాత వినలేదు."

"ఎక్కడ వింటుంది? మీరు కొట్టే చప్పుడుకి ఆ తల్లి చెవులు కూడా దిబ్బళ్ళు పడుంటాయి."

మందు మార్చాలి. అదీ ఆయన ఆలోచించి తేల్చుకున్నది. కొట్టడం పూర్తిగా మానేసి ఏం జరుగుతుందో చూడాలి. అయితే గదిలో మూల గోలెం నిండా బరికెలు కనబడుతుంటే చెయ్యి ఊరుకోదు. విరిచేద్దామంటే ఎవరో తండ్రి ఆముదం రాసి ఇచ్చిన వస్తువు. మర్యాదగా ఎవరిది వాళ్ళకి ఇచ్చేస్తే సరి అనుకున్నాడు.

ఇక్కడే కొంప మునిగింది. ఆ ఊళ్ళో బరికె ఇవ్వడం ఆమోసుకి తెలుసు. తిరిగి ఇవ్వడం అంటే ఏంటో తెలీదు. పిల్లాణ్ణి బడిలోంచి వెళ్ళగొట్టినప్పుడు, ఇక వీడు దేనికీ పనికిరాడని తేల్చినప్పుడు, ఆ బరికె ఇంటికి పంపేవారు. అది గడప తొక్కిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. ఆమోసు వచ్చాక ఆ అవసరమే రాలేదు. ఆయన ఎవర్నీ వెళ్ళగొట్టేవాడు కాదు, ఉంచుకుని కొట్టేవాడు. మెహరాజ్‌ది పటమట, ఆవిడకీ తెలీదు. తెలిసిన హెడ్మాస్టరు ఆఫీసు పని మీద బందరు వెళ్ళాడు. ఇంకా బాగా తెలిసిన లాజరు ఫైళ్ళు మోసుకుంటూ ఆయన వెంట వెళ్ళాడు.

శనివారం బడి వదలగానే ఆమోసు దిగువ పేట బరికెలన్నీ మోపు కట్టి బండికి పెట్టుకుని బయల్దేరాడు. మగవాళ్ళంతా ఊడ్పుల్లో ఉన్నారు. మొదట బడే మియా ఇంటికే వెళ్ళాడు. కోడలు ఫక్రున్నీసా, గుల్షన్ తల్లి, గుమ్మంలోకి వచ్చింది. ఆమోసు రెండు చేతులా బరికె పట్టుకుని, తలొంచి, ఎంతో వినయంగా అందించాడు.

"ఇక దీంతో నాకు పని లేదమ్మా. మీదే మీరు ఉంచుకోండి."

ఫక్రున్నీసా నోటికి కొంగడ్డం పెట్టుకుని భోరుమంది. ఆమోసు కళ్ళు కూడా చెమర్చాయి. తల్లి మనసు ఎంత సంతోషించిందో అనుకున్నాడు. తర్వాతి ఇంట్లోనూ ఏడుపే. ఆ తర్వాతి ఇంట్లో ముసలమ్మ ఆయన కాళ్ళు పట్టుకుంది. "పర్లేదమ్మా, లేవండి, నేనే మీ కాళ్ళు పట్టుకోవాలి" అని ఆయన లేవదీశాడు. పేట చివరికొచ్చేసరికి జల్లు పట్టుకుంది. ఎగువ పేట బరికెలు సోమవారం ఇవ్వచ్చులే అని గుణదలలో ఇంటికి వెళ్ళిపోయాడు. ఆదివారం పూజలో గొంతెత్తి పాడితే ఫాదరు గారు కూడా తిరిగి చూశారు.

పొలాల నుంచి తిరిగొచ్చిన దిగువ పేట మగాళ్ళకి కనబడింది ఏమిటంటే, ఇంటింటా గుమ్మంలో బరికె, ఆరిన పొయ్యి, ఏడ్చే ఆడాళ్ళు. ఎగువ పేటలో మాత్రం ఒక్క బరికె తిరిగి రాలేదు. మన పిల్లలందర్నీ ఒక్క దెబ్బకి గెంటేశారు, ఇది హనుమయ్య చేయించిన పనే అన్నారు. తల పగిలింది మన పిల్లదైతే, శిక్ష కూడా మనకేనా అన్నాడు బడే మియా. ఆదివారం పొద్దున తూము దగ్గర రెండు పేటలూ కలుసుకున్నాయి. పారలు, కావిడి బద్దలు, బరిసెలు. హనుమయ్య తమ్ముడి దవడ ఎముక చీలింది. బడే మియా అల్లుడి భుజం మీద పార దిగి తెల్లగా ఎముక కనబడింది. కాలవ నీళ్ళు గట్టు దాటి ఎర్రగా పొలాల్లోకి మళ్ళాయని, ఆ ఏడు ఆ మడిలో వడ్లు కెంపు రంగులో పండాయని లాజరు తర్వాత కథలల్లాడు. కెంపుల మాటెలా ఉన్నా, రెండు పేటల నుంచీ మంచాల మీద మనుషుల్ని మోసుకెళ్ళడం నిజం.

సోమవారం ఆమోసు ఎగువ పేట బరికెలు కూడా ఇచ్చేద్దామని హుషారుగా వచ్చాడు. బడి వాకిలి నిండా జనం. ఒక పక్క దిగువ పేట, ఒక పక్క ఎగువ పేట, మధ్యలో కొత్తగా కట్లు కట్టిన తలలు. బండి స్టాండు వేసేలోపే మొదటి బరికె ఆయన వీపు మీద చెళ్ళుమంది. ఆయన శనివారం తలొంచి ఇచ్చిందే అది.

"మా పిల్లలు పురుగులా నీకు? ఊడ్చేశావా?" అని అరిచాడు బడే మియా. "నా మనవరాలి రక్తం ఆరకముందే గెంటేశావు! నిన్న తూము దగ్గర బుర్రలు పగిలింది నీ మూలానే!"

"గెంటడం ఏంటండీ?" అనేలోపు ఇంకో నలుగురు మీద పడ్డారు. దెబ్బలు వీపు మీద, మెడ మీద, మోకాళ్ళ మీద కురిశాయి. చెవి తెగి రక్తం కాలరులోకి కారింది. ఆమోసు ఒళ్ళు ఆయనకి తెలియకుండానే తన పాత విద్య గుర్తుచేసుకుంది. ఎడంచెయ్యి లేచి బడే మియా గొంతు దొరకబుచ్చుకుంది. ముసలాయన పాదాలు నేల వదిలేశాయి. కళ్ళు తేలేశాడు. ఇంకొంచెం బిగిస్తే పుల్ల విరిగినట్టు విరిగిపోతుంది ఆ మెడ.

తరగతి కిటికీలకి పిల్లలు గబ్బిలాల్లా వేలాడుతున్నారు. వాళ్ళలో నుదుటికి కట్టుతో గుల్షన్ ఉంది. తాత కోసం అరవట్లేదు. రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, తన వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడింది.

ఆమోసు వేళ్ళు వదులయ్యాయి. బడే మియా కింద పడి దగ్గాడు. ఆ వదిలిన క్షణంలోనే దిగువ పేటవాడెవడో కావిడి బద్ద తిప్పి ఆమోసు కుడి భుజం కింద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు కిటికీల దాకా వినబడింది.

మెహరాజ్ గుంపులోకి దూరి కాలవ అవతలికి వినబడే గొంతుతో అరిచింది: "మీ పిల్లల్ని ఎవరూ తియ్యలేదయ్యా! ఇక కొట్టడం మానేస్తానని ఆయన బరికెలు తిరిగిచ్చాడు! అంతే!"

గుంపు నిలబడిపోయింది. బడే మియా గొంతు తడుముకుంటూ లేచాడు.

"కొట్టడం మానేస్తాడా?"

"అవును!"

"అసలు కొట్టడా?"

"కొట్టడు!"

అవతల పక్క నుంచి హనుమయ్య ముందుకొచ్చాడు. "మా వాళ్ళని కూడానా?"

"ఎవర్నీ కొట్టడు!"

బడే మియా, హనుమయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇద్దరికీ ఒక్క మాట మీద ఏకాభిప్రాయం కుదరడం అదే మొదలు.

"కొట్టని మాస్టారు మాకెందుకయ్యా!" అని హనుమయ్య దిగువ పేటవాడి చేతిలో బరికె లాక్కుని ఆమోసుని బాదాడు. "మా పిల్లలు దున్నపోతుల్లా తయారవ్వాలా?" అని బడే మియా ఇంకోటి వేశాడు. రెండు పేటలూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు ఒరుసుకుంటూ, "కొంచెం తప్పుకో అన్నా" అని చోటు చేసుకుంటూ మరీ కొట్టాయి. మెహరాజ్ అడ్డం వెళితే ఆవిడ చేతి గాజులు చిట్లి మణికట్టు కోసుకుంది. ఆమోసు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఎడంచెయ్యి మట్టిలో ఆన్చి, దాని మీద తన మోకాలు తానే వేసి తొక్కిపెట్టుకున్నాడు. అది లేవకుండా ఉండడానికి ఆయనకి ఇంకో దారి తోచలేదు.

కొట్టి కొట్టి వాళ్ళకే ఆయాసం వచ్చింది. అప్పుడు ఆమోసు నోట్లో రక్తం ఉమ్మి తలెత్తాడు.

"హనుమయ్యా, ఇంతసేపు కొట్టారు కదా. నేనేం నేర్చుకున్నానో అడగరా?"

హనుమయ్య రొప్పుతూ అన్నాడు, "ఏం నేర్చుకున్నావు?"

"ఈ కట్టె నా చేతికి ఎప్పుడొస్తుందా, నిన్నూ బడే మియానీ ఎప్పుడు చంపుదామా అని. ఇంకేం లేదు. నిజం చెప్తున్నా, ఇంకొక్క ముక్క బుర్రలోకి ఎక్కలేదు." ఆయన కిటికీల వైపు గడ్డం చూపించాడు. "మీ పిల్లలు ఆరేళ్ళుగా నా దగ్గర నేర్చుకుంటోంది అదే. నిన్న తూము దగ్గర మీకు బుర్రలు పగిలాయే, ఇంకో పదేళ్ళకి అక్కడ కొట్టుకునేది వాళ్ళు. నా చేతి దెబ్బలతో కొట్టుకుంటారు. మీ కన్నా బాగా కొడతారు."

బడే మియా కిటికీ వైపు చూశాడు. గుల్షన్ ఇంకా చెవులు మూసుకునే ఉంది. ఆయన చేతిలో బరికెని ఒకసారి చూసుకుని, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు వీపు వెనక్కి దాచుకున్నాడు.

సాయంత్రం ఆసుపత్రికి ఎస్సై వచ్చాడు. "ఎవరు కొట్టారు మాస్టారూ?"

"బండి మీంచి పడ్డానండి."

"బండి మీంచి పడితే వీపు నిండా బరికె వాతలు తేలతాయా?"

"బరికెల మోపు మీద పడ్డానండి."

ఎస్సై గుమ్మం వైపు చూశాడు. అక్కడ బడే మియా బాతుగుడ్ల బుట్టతోనూ, హనుమయ్య అరటిగెలతోనూ తలలు దించుకుని నిలబడి ఉన్నారు. ఆయన నిట్టూర్చి టోపీ పెట్టుకున్నాడు. అమలమ్మ మాత్రం పిండికట్టు చూసి మాతతో గట్టిగానే తగువేసుకుంది: "తల్లీ, దించమంటే విరగ్గొట్టమని కాదు కదా నేను మొక్కింది!"

చెయ్యి అతికాక బడికొచ్చిన ఆమోసు రెండో మందు మొదలెట్టాడు. ఈసారి వెనక బెంచీ మీద మెహరాజ్ ఒక్కతే కాదు. నీళ్ళ వంతులాగే తండ్రులకీ వంతు వేశారు. ఎగువ పేట నుంచి ఒకరు, దిగువ పేట నుంచి ఒకరు, పక్కపక్కనే కూర్చోవాలి. పీరియడు అయ్యాక ఏం చూశారో చెప్పాలి. మాస్టారిది తప్పనిపిస్తే మొహం మీదే అనాలి. బడే మియా మొదటి రోజు గురక పెట్టాడు. హనుమయ్య రెండో వారానికల్లా భిన్నాలు తనే ముందు చెప్పేసి పిల్లల చేత తిట్లు తిన్నాడు. అయినా వాళ్ళు చూడాల్సింది చూశారు. తండ్రి వెనక బెంచీలో ఉన్న రోజు ఇంటర్వెల్లులో ఎవడూ పంపు దగ్గర మూతులు పగలగొట్టట్లేదని కనిపెట్టింది హనుమయ్యే. కొడుకు నాంచారయ్య తప్పు లెక్క వేసి అలవాటుగా చెంప తిప్పి కళ్ళు మూసుకుంటే, దెబ్బ రాక మళ్ళీ కళ్ళు తెరవడం కూడా ఆయన చూశాడు. ఆ పీరియడు అయ్యాక చెప్పమంటే, కొడుకు చెంప ఒకసారి నిమిరి బయటికి వెళ్ళిపోయాడు.

కొట్లాటలు మొత్తం పోయాయంటే అబద్ధం. ఆ చలికాలంలోనే ఒకడి ముక్కు పగిలింది. కానీ మంచాల మీద మోసుకెళ్ళే దెబ్బలు మళ్ళీ తగల్లేదు. దెబ్బ ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి వెళ్ళేలోపు దారిలో ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. బరికెలేమో బడి తోటలో చిక్కుడు పందిరికి పనికొచ్చాయి.

ఏడాది చివర జిల్లా సమావేశంలో ఆమోసు తన పరిశోధన చెప్పాడు. పై నుంచి వచ్చిన ఆఫీసరొకాయన విని పెదవి విరిచాడు. "ఇది చెల్లదు మాస్టారూ. మీ చెయ్యి విరిగింది, భుజం పైకి లేవట్లేదు. అందుకని కొట్టలేదు. మీరు మారినట్టు ఎలా అవుతుంది?"

ఆమోసు లేచి, కుడిచెయ్యి లేచినంత మేరకి ఎత్తి నమస్కారం పెట్టాడు.

"ఎడంచెయ్యి బాగానే ఉందండీ. కావాలంటే చూపిస్తా, కొంచెం ఇలా దగ్గరికి రండి."

సుద్దముక్క లెక్చరరు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

ఆ ఎడంచెయ్యి మళ్ళీ ఒకే ఒక్కసారి లేచింది. రిటైరయ్యే ఏడు, రెండు వేల ఆరులో. తొమ్మిదో తరగతివాడొకడు పక్కవాడి తొడలో కంపాసు దించాడు. రక్తం చూసేసరికి ఆమోసు కళ్ళు మసకబారాయి. బొటనవేలు లోపలికి మడుచుకుంది, నడుం తిరిగింది. పాత కథలు విని ఉన్న క్లాసు మొత్తం ఒక్కసారిగా బల్లల కింద దూరింది. కుర్రాడొక్కడే చెంప తిప్పి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

గుల్షన్ చదువైపోయి పెళ్ళయి వెళ్ళిపోయినా వంతు మానని బడే మియా, బెంచీ చివర కర్ర మీద గడ్డం ఆన్చి కూర్చుని ఉన్నాడు.

"మాస్టారూ" అన్నాడు మెల్లగా. "దించండి. బాతులు కాలవలో ఉన్నాయి."

చెయ్యి గాల్లో అలాగే ఆగింది. తర్వాత కిందకి దిగింది. ఆమోసు జేబులోంచి రుమాలు తీసి, గాయం అయినవాడి తొడకి కట్టు కట్టమని ఆ కుర్రాడి చేతికే ఇచ్చాడు.